ఇస్త్రీపెట్టె మీద అప్పడాలు కాల్చిన కోడలికి

ప్రశ్న: అక్కా, మేము నిజాంపేటలో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. పెళ్ళయి ఏడాదిన్నర. పోయిన ఆదివారం ఖమ్మం నుంచి అత్తయ్య, మావయ్య, మా ఆడపడుచు వచ్చారు. పొద్దున్నే పాలు పెట్టబోతే గ్యాస్ అయిపోయింది. మాకు ఉన్నది ఒక్కటే సిలిండర్. మా వారు దాన్ని పడుకోబెట్టి, వేడినీళ్ళు పోసి చూశారు. కాసేపు మండి ఆగిపోయింది. సరేనని పాలు ఎలక్ట్రిక్ కెటిల్‌లో పోశాను. పొంగి కిందిదాకా కారాయి, అడుగంతా మాడింది. మూత తీయబోతే ఆవిరి కొట్టి మణికట్టు దగ్గర కాలింది, టూత్‌పేస్ట్ రాసుకున్నాను. కరెంటు కుక్కర్‌లో అన్నం, పప్పు బాగానే అయ్యాయి. పోపు కూడా దాంట్లోనే పెడదామంటే స్విచ్ మాటిమాటికీ పైకి లేస్తోంది, మా వారు గరిటె కాడ అడ్డుపెట్టారు. ఇస్త్రీపెట్టె మీద ఫాయిల్ వేసి అప్పడాలు కాల్చాను. కొబ్బరి పచ్చడి సగంలో ఉండగా మిక్సీ ఆగిపోయింది. అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కి పెట్టాం, ఎంసీబీ పడిపోతూనే ఉంది, మా వారు లేపుతూనే ఉన్నారు. భోజనాలయ్యేసరికి రెండున్నర. ఇప్పుడు చుట్టాలందరిలో నేను 'ఇస్త్రీపెట్టె మీద వంట చేసే కోడల్ని' అయిపోయాను. మా వారు కూడా నవ్వుతూ అందరికీ చెప్తున్నారు. ఈ వస్తువులు మళ్ళీ వాడొచ్చా? ఇంకోసారి ఇలా అయితే ఏం చెయ్యాలి? దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉన్న మా చెల్లి నీళ్ళు కాచే రాడ్డుతో గుడ్లు ఉడకబెట్టుకుంటుందట, పర్వాలేదా? నేను చేసింది అంత తప్పా? – పేరు వద్దు, నిజాంపేట

జవాబు:

చెల్లీ,

ముందు నీ చెయ్యి సంగతి. ఆవిరి తగిలితే ఒక్కోసారి వేడినీళ్ళు పడినదానికంటే ఎక్కువ కాలుతుంది. చర్మం మీద ఆవిరి నీరుగా మారేటప్పుడు తనలో ఉన్న వేడినంతా అక్కడే వదిలేస్తుంది మరి. కాబట్టి చిన్నదే కదా అని వదిలెయ్యకు. బొబ్బ లేచి ఉంటే చిదపకు. చీము పట్టినా, చుట్టూ ఎరుపు పెరుగుతున్నా, జ్వరం వచ్చినా వెంటనే డాక్టర్‌కి చూపించు. ఇంకెప్పుడైనా కాలితే ముందు గాజులు, ఉంగరాలు తీసెయ్. వాపు వచ్చాక అవి రావు. తర్వాత కుళాయి కింద ధారగా పడే మామూలు నీళ్ళలో 20 నిమిషాలు చెయ్యి పెట్టు. రెండు నిమిషాలు పెట్టి మంట తగ్గిందని తీసెయ్యకు, పూర్తిగా 20 నిమిషాలు ఉంచాలి. ఐసు వద్దు. టూత్‌పేస్ట్, పసుపు, ఇంకు, గుడ్డు తెల్లసొన ఏవీ వద్దు. అవి రాస్తే డాక్టర్‌కి గాయం సరిగ్గా కనపడదు, కడిగేటప్పుడు బాధ నీకే.

తర్వాత సిలిండర్. ఈ ముక్క మీ వారికి చదివి వినిపించు. సిలిండర్‌లో ఉండేది ద్రవం. దాని పైన చేరిన ఆవిరి మాత్రమే రెగ్యులేటర్‌లోంచి స్టవ్‌కి రావాలి. పడుకోబెడితే ఆవిరికి బదులు ద్రవమే వచ్చేస్తుంది. ఆ ద్రవం ఆవిరైతే దాదాపు 250 రెట్లవుతుంది. అంత గ్యాస్ ఒక్కసారిగా బర్నర్‌లోకి వస్తే మంట ఎంత ఎత్తుకి లేస్తుందో ఎవరూ చెప్పలేరు. మీ ఇంట్లో ఏమీ కాలేదంటే లోపల మిగిలింది దాదాపు ఏమీ లేదు కాబట్టే. వేడినీళ్ళు పొయ్యడం కూడా అంతే, లోపల ఒత్తిడి పెరుగుతుంది. సిలిండర్ ఎప్పుడూ నిటారుగానే ఉండాలి. కొత్త సిలిండర్ పెట్టాక సబ్బునీళ్ళు రెగ్యులేటర్ మీదా పైపు మీదా రాసి చూడండి, బుడగలొస్తే లీకున్నట్టు. వాసన వస్తే రెగ్యులేటర్ కట్టేసి తలుపులు, కిటికీలు తెరవాలి. ఏ స్విచ్చీ వెయ్యొద్దు, ఆపొద్దు కూడా. ఫ్యాన్ అసలే వద్దు. ఈ గ్యాస్ గాలికంటే బరువు, నేల మీదే పరుచుకుని ఉంటుంది. బయటికి వచ్చి 1906కి ఫోన్ చెయ్యాలి.

ఇక నువ్వడిగిన అసలు సంగతికి వస్తాను. ఆ రోజు కొన్ని బాగా కుదిరాయి, కొన్ని చెడిపోయాయి. అది అదృష్టం, దురదృష్టం కాదు. వంటింట్లో వేడిచేసే ప్రతి కరెంటు వస్తువు దగ్గరా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఇది ఎప్పుడు ఆగాలో దీనికి ఎలా తెలుస్తుంది? ఆ ఏర్పాటు పనిచేసేంతవరకు దాంతో ఏ ప్రయోగమైనా చెయ్యి, భయం లేదు. ఆ ఏర్పాటుని మనం అడ్డగించినా, అసలు అలాంటి ఏర్పాటే లేని వస్తువుతో వండినా ప్రమాదం మొదలవుతుంది. నీ ఆదివారం మొత్తం ఈ ఒక్క లెక్కలో పడిపోతుంది.

కెటిల్ చూడు. దానికి నీళ్ళెంత వేడెక్కాయో నేరుగా తెలియదు, ఆవిరి తగిలితేనే తెలుస్తుంది. మూత దగ్గర లోపలివైపు చిన్న సందు ఉంటుంది. టార్చి వేసి చూస్తే కనిపిస్తుంది. నీళ్ళు మరిగాక ఆవిరి ఆ సందులోంచి పిడి లోపలికి పోయి, అక్కడున్న రెండు లోహాల బిళ్ళని వేడిచేస్తుంది. రెండు లోహాలూ వేడికి ఒకేలా సాగవు కాబట్టి బిళ్ళ టక్కున వంగుతుంది, స్విచ్ పడిపోతుంది. అందుకే మూత తెరిచి ఉంచితే కెటిల్ ఎంతసేపటికీ ఆగదు, ఆవిరి పిడి వైపు వెళ్ళకుండా పైకి పోతుంది కదా.

ఇప్పుడు అందులో నీళ్ళకి బదులు పాలు పోశావు. పాలలో మాంసకృత్తులు ఉంటాయి. అవి వేడికి గట్టిపడి అడుక్కి అంటుకుంటాయి, మాడి పొరలా ఏర్పడతాయి. పైన మీగడ కట్టి ఆవిరిని కింద బంధిస్తుంది, అది ఒక్కసారిగా పొంగుతుంది. పొంగిన నురగ ఆ సందులోకి పోయి దాన్ని మూసేస్తుంది. ఆగమని చెప్పాల్సిన దారే మూసుకుపోయాక కెటిల్ ఇంకా మరిగిస్తూనే ఉంటుంది. స్టవ్ మీదైతే మంట తగ్గించేదానివి, గరిటెతో కలిపేదానివి. కెటిల్‌లో ఆ రెండూ లేవు. కాబట్టి పాలు, టీ, మ్యాగీ, పప్పు, సూప్, నురగ వచ్చేదీ అడుగంటేదీ ఏదీ అందులో వద్దు. అందులో పొయ్యాల్సింది నీళ్ళు మాత్రమే.

దాన్ని పారెయ్యాలా అంటే, ముందు ఒక పరీక్ష ఉంది. ప్లగ్గు తీసేసి పైనంతా తుడిచి, రెండు రోజులు గాలి తగిలే చోట బాగా ఆరనివ్వు. కింద స్టాండ్‌లో పాలు ఎండి ఉంటే తడిపిండిన బట్టతో తుడిచి అదీ ఆరబెట్టు. ఏదీ నీళ్ళలో ముంచకు. తర్వాత మాడిన చోటు మునిగేలా నీళ్ళు పోసి రెండు చెంచాల వంటసోడా వేసి ఒకసారి మరిగించి, రాత్రంతా అలాగే వదిలెయ్. పొద్దున్నకి మాడు మెత్తబడుతుంది, చెక్క గరిటెతో నెడితే పొరలుగా ఊడొస్తుంది. పోకపోతే ఇంకోసారి చెయ్యి. ఇనుప పీచు వద్దు. అడుగున తెల్లగా పొర కట్టి ఉంటే అది పాలది కాదు, బోరునీళ్ళ సున్నం. నిజాంపేట, బాచుపల్లి వైపు బోర్లు, ట్యాంకర్ల మీద బతికే ఇళ్ళలో ప్రతి కెటిల్‌లోనూ ఇది కనిపిస్తుంది. దానికి సోడా పనికిరాదు, ఒక చెంచా నిమ్మ ఉప్పు వేసి మరిగించాలి. రెండూ కలిపి వెయ్యకు. ఒకదాన్ని ఒకటి విరిచేసుకుంటాయి, నురగొస్తుంది తప్ప పని జరగదు.

శుభ్రం చేశాక అర లీటరు నీళ్ళు పోసి, మూత వేసి, గోడ సాకెట్‌లో నేరుగా పెట్టి పక్కనే నిలబడు. 1500 వాట్ల కెటిల్ అయితే రెండు నిమిషాలకి మరుగుతాయి, తెర్లడం మొదలయ్యాక కాసేపట్లోనే స్విచ్ దానంతటదే పడాలి. పడిందా, నీళ్ళ వరకు నిశ్చింతగా వాడుకో. పడకపోతే లోపలి సందు ఇంకా మూసుకుపోయి ఉన్నట్టు, అలా ఉంటే వాడకు. ప్లగ్గు పెట్టగానే ఎంసీబీ పడినా, కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చినా ఇంక దానితో బేరం పెట్టుకోకు, తీసేసెయ్. కొత్తది కొనేటప్పుడు ఐఎస్ఐ మార్కు చూసి కొను. దాని కింద ఉండే సీఎం/ఎల్ నంబర్‌ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అది నిజమైన మార్కో కాదో తెలుస్తుంది. కోఠి గుజరాతీ గల్లీలో కొన్నా, మాల్‌లో కొన్నా ఈ ఒక్క పని చెయ్యి.

కరెంటు కుక్కర్ మీద నాకు చాలా గౌరవం. దానికి నీళ్ళు అయిపోవడం తెలుస్తుంది. గిన్నె తీసి చూస్తే పలక మధ్యలో స్ప్రింగు మీద కదిలే గుండ్రటి బిళ్ళ ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు వేలితో నొక్కి చూడు, దిగి మళ్ళీ లేస్తుంది. దాని లోపల ఒక అయస్కాంతం ఏర్పాటు ఉంది. గిన్నెలో నీళ్ళు ఉన్నంతసేపు ఎంత మరిగినా వేడి వంద దాటదు. మన హైదరాబాద్ 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది కాబట్టి ఇక్కడ 98 దగ్గరే మరుగుతాయి. నీళ్ళని అన్నం పీల్చుకోగానే అడుగు వేడి వంద దాటి పైకి పోతుంది, ఆ కాస్త వేడికే లోపలి లోహం అయస్కాంతానికి అంటుకునే గుణం పోగొట్టుకుంటుంది, స్ప్రింగు స్విచ్‌ని తన్నేస్తుంది. టక్ మని వినపడేది అదే.

పోపు పెట్టేటప్పుడు స్విచ్ ఎందుకు లేచిపోతోందో ఇప్పుడు తెలిసిందా? నూనెలో నీళ్ళు లేవు, వేడి ఒక్క నిమిషంలో వంద దాటిపోతుంది. కుక్కర్ తన పని తాను సరిగ్గానే చేసింది. గరిటె కాడ అడ్డుపెట్టడమంటే దాని నోరు నొక్కినట్టు. ఆ నూనె మండే దాకా వేడెక్కినా ఆపేవాళ్ళు లేరు. చాలా కుక్కర్లలో చివరి రక్షణగా ఒక ఫ్యూజ్ ఉంటుంది కానీ అది కాలిపోయిందంటే కుక్కర్ రిపేర్‌కి వెళ్ళాల్సిందే. మీది ఇప్పటికీ అన్నం వండి మామూలుగా ఆగుతుంటే బాగానే ఉన్నట్టు. గిన్నె అడుగుకీ పలకకీ మధ్య మెతుకు ఇరుక్కోకుండా, అడుగు తడి లేకుండా తుడిచి పెట్టు. ఒక్క మెతుకు ఉన్నా గిన్నె బిళ్ళకి సరిగ్గా ఆనదు, అన్నం పలుకవుతుంది లేదా మాడుతుంది. పోపు లేకపోతే పప్పు నోటికి ఎక్కదంటావేమో. గ్యాస్ లేని రోజున పచ్చి వెల్లుల్లి, జీలకర్ర, పచ్చిమిర్చి దంచి పప్పులోనే వేసి ఉడికించు, దించాక నెయ్యి వెయ్యి. ఆ రుచి వేరు, పోపు గుర్తుకే రాదు.

నీకు ఇంకో సంగతి చెప్పాలి. మొదటి ఆటోమేటిక్ కరెంటు కుక్కర్‌ని 1955లో జపాన్‌లో తొషిబా కంపెనీ అమ్మకానికి తెచ్చింది. తయారుచేసినాయన యోషితద మినామి. అయితే ఏ వాతావరణంలో, ఎన్ని నీళ్ళతో, ఎంతసేపట్లో అన్నం సరిగ్గా అవుతుందో ఇంట్లో వండి వండి తేల్చింది ఆయన భార్య ఫుమికో. ఇవాళ మనం బియ్యం కడిగి స్విచ్ నొక్కి వేరే పనికి వెళ్ళిపోతున్నామంటే ఆవిడ వంటింటి ప్రయోగాల పుణ్యమే. వస్తువుల్ని ఇలా మార్చి మార్చి చూసే ఆడవాళ్ళని నేను చిన్నచూపు చూడను.

కానీ ఇస్త్రీపెట్టె విషయంలో మాత్రం నిన్ను వెనకేసుకు రాలేను. దానికి తిండి గురించి ఏమీ తెలియదు, ఆగడమూ తెలియదు. కాటన్ దగ్గర పెడితే పలక 200 డిగ్రీల దాకా వేడెక్కుతుంది, కొంచెం తగ్గితే మళ్ళీ వేడెక్కుతుంది. దీపం ఆరడం, వెలగడం చూస్తుంటావు కదా, అదే. మనం ప్లగ్గు తీసేదాకా ఆ తిరగడం ఆగదు. తలకిందులుగా పెడితే వైరు లాగినా, చెయ్యి తగిలినా ఒరిగిపోతుంది. పైగా ఆ పలక తిండికోసం చేసింది కాదు, దాని మీద నాన్‌స్టిక్ పూత ఉంటే ఫాయిల్ రాసుకుని గీతలు పడతాయి, బట్టల గంజి, రంగులు దానికి అంటుకుని ఉంటాయి. రొట్టె, అప్పడం, ఆమ్లెట్ ఏవీ వద్దు. అప్పడం లేకపోయినా ఆ పూట భోజనం గడిచిపోతుంది. దాన్ని చల్లారాక తడిబట్టకి కాస్త వెనిగర్ అద్ది తుడువు. ఆవిరి ఇస్త్రీపెట్టె అయితే నీళ్ళు పోసి పాత గుడ్డ మీద ఆవిరి వదిలిస్తే రంధ్రాల్లో ఉన్న పొడి బయటికొస్తుంది. మొదట పాత పంచె మీద రుద్ది చూసి, మరక అంటకపోతేనే మంచి బట్టలు ముట్టుకో.

మిక్సీకి ఏమీ కాలేదనే అనుకుంటున్నా. ప్లగ్గు తీసి, జార్ దించి, మిక్సీని పక్కకి పడుకోబెట్టి అడుగు చూడు. చిన్న ఎర్రటి బటన్ ఉంటుంది. మోటారు మీద భారం ఎక్కువైతే అది బయటికి తన్నుకొచ్చి కరెంటు ఆపేస్తుంది. అరగంట చల్లారనిచ్చి బటన్ లోపలికి నొక్కితే మళ్ళీ తిరుగుతుంది. ఈ బటన్ సంగతి తెలియక రిపేర్ షాపుకి మోసుకెళ్ళేవాళ్ళు ఎంతమందో. ఎండు కొబ్బరైనా, పచ్చి కొబ్బరైనా చిన్న ముక్కలు చేసి, సరిపడా నీళ్ళు పోసి, ఆగి ఆగి తిప్పు. వేడివేడిగా ఉన్నది మాత్రం జార్‌లో వేసి తిప్పకు, ఆవిరికి మూత ఎగిరి మొహం మీద పడుతుంది.

ఎక్స్‌టెన్షన్ బాక్స్ లెక్క మీ వారిని కూర్చోబెట్టి చెప్పు. మామూలు చిన్న సాకెట్ 6 ఆంపియర్లది. మన ఇళ్ళకొచ్చే కరెంటు 230 వోల్టులు. రెండూ గుణిస్తే 1380 వాట్లు. ఆ సాకెట్ మొత్తం భరించేది అంతే. కెటిల్ ఒక్కటే 1500. కుక్కర్ 700, ఇస్త్రీపెట్టె 1000 వేసుకుంటే 3200 వాట్లు. అంత కరెంటు సన్నటి వైరులోంచి లాగితే వైరు వేడెక్కి, పైన ప్లాస్టిక్ కరిగి, ఎవరూ చూడని చోట మంట మొదలవుతుంది. ఎంసీబీ పడేది దాన్ని ఆపడానికే. అన్నిసార్లు పడినా మళ్ళీ లేపడం ఆ రోజు మీ ఇంట్లో జరిగిన అన్నిటికంటే ప్రమాదకరమైన పని. పాలు కారిన కెటిల్ కూడా దానికే పెట్టి ఉంది, అందుకే చెప్తున్నా. ఇకమీదట కెటిల్, ఇండక్షన్ లాంటివి గోడకున్న 16 ఆంపియర్ల పెద్ద పవర్ ప్లగ్‌కి నేరుగా పెట్టు, ఒకసారి ఒక్కటే. ఆ ఎక్స్‌టెన్షన్ బాక్స్ రంధ్రాలు నల్లబడి ఉన్నా, వైరు గట్టిపడి ఉన్నా పారెయ్. మీ బోర్డులో ఆర్‌సీసీబీ ఉందేమో ఎలక్ట్రీషియన్‌ని అడగండి. కరెంటు ఎక్కడైనా లీకై మనిషికి తగిలితే 30 మిల్లీఆంపియర్ల దగ్గరే అది కట్ చేసేస్తుంది. దాని మీద 'టి' అని రాసి ఉన్న బటన్‌ని నెలకోసారి నొక్కి పడుతోందో లేదో చూసుకోవాలి.

ఇంకోసారి ఇలా అయితే ఏం చెయ్యాలంటావా. ముందసలు ఇలా కాకుండా చూసుకోండి. రెండో సిలిండర్‌కి డిపాజిట్ కట్టి ఏజెన్సీలో అడిగితే ఇస్తారు. అంతవరకు, గ్యాస్ ఎంత మిగిలిందో అనుమానం వస్తే తడిబట్టతో సిలిండర్ ఒంటిని పైనుంచి కిందికి తుడిచి కాసేపు ఆగు. ద్రవం ఉన్నంత మేర చల్లగా ఉండి తడి ఆలస్యంగా ఆరుతుంది, ఖాళీ భాగం తొందరగా ఆరిపోతుంది. చుట్టాలొచ్చే ముందు రోజు ఇది చూసుకుంటే చాలు. వీలైతే ఒక ఇండక్షన్ స్టవ్ కొనిపెట్టుకో. నీ గిన్నెల అడుక్కి ఫ్రిజ్ మీది అయస్కాంతం బొమ్మ పెట్టి చూడు, గట్టిగా అంటుకున్నవన్నీ దాని మీద పనికొస్తాయి.

అవేవీ లేని రోజున కూడా, ఉన్న కెటిల్, కుక్కర్‌తో ఐదుగురికి మర్యాదగా భోజనం పెట్టొచ్చు. కాఫీకి పాలు కాగాలంటే కుక్కర్ గిన్నెలో మూడో వంతు నీళ్ళు పోసి, అందులో పాల గిన్నె దించి స్విచ్ వెయ్యి. చుట్టూ ఉన్న నీళ్ళు వంద దాటవు కాబట్టి పాలు బాగా వేడెక్కుతాయే తప్ప పొంగవు, మాడవు. పాత రోజుల్లో విజిల్ వేసే పాల కుక్కర్ ఇదే సూత్రంతో నడిచేది. డికాషన్‌కి నీళ్ళు కెటిల్ కాస్తుంది. మధ్యాహ్నానికి పులగం పెట్టు. రెండు గ్లాసుల బియ్యం, ఒక గ్లాసు పెసరపప్పు కడిగి అరగంట నాననిచ్చి, ఎనిమిది గ్లాసుల వేడినీళ్ళు పొయ్యి. మిరియాలు, జీలకర్ర, అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు, ఉప్పు వెయ్యి. కుక్కర్ గిన్నె మూడొంతుల కంటే నిండకూడదు, పెసరపప్పు నురగ కక్కుతుంది. చిన్న కుక్కర్ అయితే రెండు వాయిలుగా వండు. స్విచ్ పడ్డాక పది నిమిషాలు మూత తియ్యకుండా ఉంచి, పైన నెయ్యి ధారాళంగా వెయ్యి. దాని పక్కన ఆవకాయ, గడ్డపెరుగు, కీరా ముక్కలు. ఇంకా లోటనిపిస్తే మీ వారిని కింద కర్రీ పాయింట్‌కి పంపు. నిజాంపేట రోడ్డు పొడుగునా అవే కదా. బెండకాయ వేపుడు ఒకటి, సాంబారు ఒకటి తెప్పించుకోవడం నామోషీ ఏమీ కాదు. ఉద్యోగాలు చేసుకునే సగం హైదరాబాద్ వాటి మీదే భోంచేస్తోంది. మిగిలిన అన్నం, పులగం మాత్రం ఎండాకాలంలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా బయట ఉంచి మళ్ళీ వేడిచేసి పెట్టకు. వండిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్ళాలి. అన్నంలో పెరిగే ఒక రకం బ్యాక్టీరియా వదిలే విషం, మళ్ళీ వేడిచేసినా పోదు.

ఇక నిన్ను అన్నిటికంటే బాధపెట్టింది ఆ పేరు. నా అభిప్రాయం దాచుకోకుండా చెప్తాను. సిలిండర్‌ని పడుకోబెట్టింది మీ వారు. కుక్కర్‌కి గరిటె అడ్డుపెట్టింది మీ వారు. ఎంసీబీని లేపుతూ పోయింది మీ వారు. సిలిండర్ బుక్ చెయ్యడం ఇద్దరూ చూసుకోవాల్సిన పని. అయినా పేరు మాత్రం నీకొక్కదానికే పడింది. నలుగురు ఆకలితో కూర్చుని ఉంటే చేతికందిన వాటితో నిలబడి వండినదానివి నువ్వు, చెయ్యి కాలినా ఆగనిదానివి నువ్వు. ఆయన నవ్వుతూ చెప్తున్నప్పుడు నీకెలా ఉంటుందో బహుశా ఆయనకి తెలియదు, తెలియాలంటే నువ్వు చెప్పాలి. నలుగురిలో కాదు, ఇద్దరే ఉన్నప్పుడు, కోపంగా కాకుండా నేరుగా చెప్పు: "ఆ రోజు మనిద్దరం కలిసి చేశాం. మీరు చెప్పేటప్పుడు నా ఒక్కదాని పేరే చెప్తున్నారు, నాకు బాధగా ఉంది. ఇంకెవరికీ చెప్పకండి." మంచివాడైతే ఆ ఒక్క మాటతో ఆపేస్తాడు. ఖమ్మంలో వాళ్ళ అమ్మతో, మీ ఆడపడుచుతో సర్దిచెప్పడం ఆయన పని, నీది కాదు.

అత్తయ్య గారి సంగతి వేరు. ఆవిడ బొగ్గుల కుంపటి, కిరసనాయిలు స్టవ్ చూసి వచ్చిన మనిషి అయ్యుంటుంది. కిరసనాయిలు దొరకని రోజున ఏం వండేవాళ్ళో నిజంగా తెలుసుకోవాలన్న కోరికతో ఒకసారి ఫోన్ చేసి అడుగు. తపేలాలో సగం నీళ్ళు పోసి, మూతికి తడిబట్ట కట్టి, దాని మీద మినప్పిండి వేసి ఆవిరి కుడుము వండిన తరం అది. ఆవిరి కుడుము కరెంటు కుక్కర్‌లో ఎలా చెయ్యాలో ఆవిడనే అడిగి, ఈసారి వచ్చినప్పుడు ఇద్దరూ కలిసి చెయ్యండి. నిన్ను వెక్కిరించాలని కాక, చెప్పుకోవడానికి ఒక కబురు దొరికిందని ఆవిడ చెప్తూ ఉండొచ్చు. అయినా నీ మనసు నొచ్చింది, అందుకే మీ వారితో మాట్లాడటం మానొద్దు.

మీ చెల్లి సంగతి రేపటికి వాయిదా వెయ్యకు, ఇవాళే ఫోన్ చెయ్యి. నీళ్ళు కాచే మామూలు రాడ్డుకి ఆపే ఏర్పాటే ఉండదు. నీళ్ళు తగ్గి రాడ్డు బయటపడితే పైగొట్టం పగులుతుంది, పగిలితే ఆ నీళ్ళలోకే కరెంటు వస్తుంది. గుడ్డు ఉడికిందో లేదో చూద్దామని స్విచ్ ఆపకుండా చెంచా పెడితే ప్రాణం మీదికొస్తుంది. బకెట్ నీళ్ళకైనా రాడ్డు ముంచాకే స్విచ్ వెయ్యాలి, ప్లగ్గు తీసాకే నీళ్ళు ముట్టుకోవాలి. తిండికి మాత్రం అది అసలే వద్దు. హాస్టల్ వాళ్ళు కెటిల్ ఒప్పుకుంటారేమో ముందు అడగమను. ఒప్పుకుంటే గుడ్లు బాగా కడిగి కెటిల్‌లో వేసి, మునిగేలా చల్లటి నీళ్ళు పోసి, మూత వేసి స్విచ్ వెయ్యాలి. అది దానంతటదే ఆగాక మూత తియ్యకుండా 12 నిమిషాలు వదిలేస్తే గుడ్లు గట్టిగా ఉడికిపోతాయి. తర్వాత నీళ్ళు పారబోసి, కెటిల్ లోపల సబ్బుతో కడిగాకే మళ్ళీ తాగే నీళ్ళు కాచుకోమను.